లేని సినిమాలో నా పాట

ఈ మధ్య పాట నేర్చుకుంటామని మా ఇంటికి వచ్చే పిల్లలంతా ఒకటే అడుగుతున్నారు. స్టేజీ భయం ఎట్లా పోతుంది మేడం, అని. పోదు. పోవాల్సిన అవసరమూ లేదు. భయం లేకుండా మైకు పట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళ పాట వినాల్సి వచ్చిన జనానిదే కష్టం. నేను జాగ్రత్త చెప్పేది వేరే సంగతి గురించి. మీరు గొంతు విప్పే ముందు మీ పాట గురించి మైకులో ఎవరు ఏం చెబుతున్నారో చెవి ఒగ్గి వినండి. ఆ ముక్క నాకు చిన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే సగం విసుగు తప్పేది.

నేను వరంగల్‌లో ఆర్కెస్ట్రా గాయనిని. డెబ్బైల్లో మొదలుపెట్టి పెళ్ళిళ్ళకు, గణపతి పందిళ్ళకు, కాలేజీ ఫంక్షన్లకు తెలుగులోనూ ఉర్దూలోనూ పాడాను. సొంతంగా పాటలు రాశాను. సన్మానాల సంగతి ఇక్కడ రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి గొప్పతనం చిమ్మటలకే తెలియాలి. పని ఎట్లా ఉండేదో, ఒక పాట నన్ను ఎంత సతాయించిందో రాస్తాను.

ఎవరి గొంతు

మాది కాశిబుగ్గ. మా నాన్న, మా మాటలో బాపు, మగ్గం నేసేవాడు. ఆయన కాలంలో బడి అంటే ఉర్దూ బడి, అందుకని తెలుగు పత్రిక వస్తే చదివి పెట్టమని నన్ను పిలిచేవాడు, ఉర్దూ పత్రిక దొరికితే తానే వీధంతా వినపడేటట్టు చదివేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు ఆడిస్తూ ఒక పూట తెలుగు పదం, ఒక పూట ఉర్దూ గజల్ పాడేవాడు. నాకు రెండు భాషలూ అట్లా పక్కపక్కనే వచ్చేశాయి. ఏది ముందు నేర్చుకున్నావని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

బడి వార్షికోత్సవంలో నా పాట విని డానియేలు మాస్టరు మా ఇంటికి వచ్చాడు. డోర్నకల్ మనిషి, రైల్వేలో కొలువు, అకార్డియన్ అంటే ప్రాణం. డ్యూటీ లేని రోజుల్లో వరంగల్ వచ్చి ఆర్కెస్ట్రా నడిపేవాడు.

"నర్సన్నా, పిల్లను పంపు. మా చెల్లె తీరు చూసుకుంట," అన్నాడు బాపుతో.

"పంపుత. వాళ్ళమ్మ గుడ ఎంబడి వస్తది," అన్నాడు బాపు.

అమ్మ వచ్చింది. ఏళ్ళ తరబడి వచ్చింది. స్టేజీ పక్కన కుర్చీ వేయించుకుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చునేది. స్టేజీ ఎక్కే ఆడపిల్ల గురించి ఊరు ఏమనుకునేదో మీకు విడిగా చెప్పనక్కర్లేదు. అమ్మ మొహం చూశాక అనుకునేవాళ్ళు కూడా మనసులోనే అనుకునేవాళ్ళు.

మొదటి రిహార్సల్‌లో మాస్టరు నా పాటంతా విని తల గోక్కున్నాడు. "గొంతు మంచిగనే ఉన్నది సువర్ణా. కని ఎవల తీరుగ లేదు. గదే తక్లీఫ్," అన్నాడు. ఆర్కెస్ట్రాలో అప్పుడు అదే చట్టం. పోస్టర్ మీద మన పేరు పక్కన పెద్ద గాయనీమణి ఎవరో ఒకరి గొంతని వేయాలి. కాబట్టి తెలుగు పాటకు ఒకరి గొంతు, ఉర్దూ పాటకు ఇంకొకరి గొంతు సాధన చేశాను. నా గొంతు నాకు కూరగాయల బండివాడిని పిలవడానికి మాత్రమే పనికొచ్చేది. పెళ్ళయ్యాక కూడా పోస్టర్ మీద నేను 'కుమారి'నే. మా ఆయన అది చూసి నవ్వేవాడు. మా అత్త నవ్వేది కాదు.

నకలు కొట్టడం తప్పని నేను అనను. ఊపిరి ఎక్కడ తీయాలో, ఎక్కడ దాచాలో నాకు అట్లాగే తెలిసింది. కాని దానికే చప్పట్లు అలవాటైతే బయటికి రావడం కష్టం. నాతోపాటు పాడిన మంచి గొంతులు కొన్ని అక్కడే ఆగిపోయాయి. వాళ్ళను ఇప్పుడు పలకరించినా ఆ పెద్దావిడ గొంతుతోనే మాట్లాడతారు.

మైకులో మనిషి

ఇక మొయిన్ చాచా సంగతి చెప్పాలి. ఆయన మా అనౌన్సర్. పొడుగు మనిషి, నల్ల టోపీ, నోట్లో పాన్, ఎదుటివాడు ఎవరైనా కూర్చోవాలనిపించే గొంతు. పాటకు ముందు సినిమా పేరు, అందులో ఎవరెవరు ఉన్నారు, ఏ టాకీసులో ఆడింది, అంతా చెప్పేవాడు, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఇది మాకు ఆచారం. సినిమా పేరు చెప్పని పాట అంటే ఇంటిపేరు చెప్పని సంబంధం లాంటిది, ఎవరూ గడప తొక్కనివ్వరు.

పగటిపూట చాచా రిక్షాలో మైకు కట్టుకుని ఊరంతా తిరిగేవాడు. నల్లా నీళ్ళు రేపు రావన్నా, చీరల దుకాణం కొత్తగా తెరిచారన్నా, ఎవరి బర్రె తప్పిపోయిందన్నా ఆయనే చెప్పేవాడు. మొయిన్ చాచా మైకులో చెప్పాడంటే నిజమే అని జనం లెక్క. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా తిప్పలన్నీ ఇక్కడే ఉన్నాయి.

పొగ

డోర్నకల్‌లో మాస్టరు క్వార్టర్‌లో రిహార్సల్ చేసుకుని ఒక సాయంత్రం అమ్మా నేనూ స్టేషన్‌కు పరుగెత్తాం. దూరంగా పొగ కనిపించింది. "అగో, బండి వస్తాంది. మెల్లగ నడువ్," అంది అమ్మ. మెల్లగా నడిచాం. తీరా చూస్తే అది మా బండి వెళ్ళిపోయిన పొగ. ప్లాట్‌ఫారం మీద కూర్చుని అమ్మ తనను తాను తిట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. తర్వాతి బండి వచ్చేలోపు పల్లవి వచ్చేసింది.

పోయే బండి పొగ జూసి
వచ్చే బండి అనుకున్న

దాని వెనకే, నేను పిలవకుండానే, ఉర్దూ ముక్క వచ్చింది.

జానేవాలీ కా ధువాఁ థా
ఆనేవాలీ సమ్‌ఝీ మైఁ

రెండూ చెప్పేది ఒకటే. కాని తెలుగులో ఆ పిల్ల తన తెలివితక్కువకు తానే నవ్వుకుంటుంది, ఉర్దూలో అదే పిల్ల కొంచెం ఏడుస్తుంది. ఒక్కటి తీసేస్తే పిల్ల సగమే మిగులుతుంది. పాటంటే నాకు అదే. దీన్ని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో, ఎంతమంది ఆవులించారో.

ఇంట్లో పాడితే బాపు మగ్గం ఆపాడు.

"ఎవలదే ఇది?"

"నాదే బాపూ."

"ఇంకోపారి పాడు." పాడాను. చరణంలో ఒక ఉర్దూ మాట సరిచేశాడు. దారం ముడి వేస్తూ, "బిడ్డా, మనం నేసిన చీర షావుకారికి పోతది. ఎవలు నేసిండ్రో కట్టుకున్నామెకు తెల్వది. పాట గట్ల గానియ్యకు. నీ పేరు చెప్పి పాడు," అన్నాడు.

బాపు నన్ను జీవితంలో అడిగింది ఇదొక్కటే. పెద్ద కోరికేమీ కాదు కదా. నేనూ అట్లాగే అనుకున్నాను.

మాస్టరుకు పాట నచ్చింది, నచ్చిన సంగతి అకార్డియన్ మీద వేళ్ళే చెప్పాయి. నోరు మాత్రం వేరే చెప్పింది. "గిట్ల రెండు భాషలు కలిపితే ఎట్ల? పటేల్ల ఇంట్ల ఉర్దూ ఎందుకంటరు, నవాబుల ఇంట్ల తెలుగెందుకంటరు." ఆ మాట నిజమే. రెండు భాషలు వచ్చిన గాయనిని రెండు వైపులా మెచ్చుకుంటారు. రెండూ ఒకే పాటలో పెడితే రెండు వైపులా మొహం ముడుచుకుంటారు. బజారులో మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యంలో కలిపేది వీళ్ళే మళ్ళీ.

అయినా పట్టుబట్టాను. ఒక గణపతి పందిట్లో చాచా నిజాయితీగానే చెప్పాడు. "ఇప్పుడు మన సువర్ణ సొంతంగా రాసిన పాట," అన్నాడు. 'సొంతంగా' అన్న మాట పూర్తికాకముందే జనం చాయ్‌కి లేచారు. వెనక నుంచి ఎవరో, "సొంత పాట ఇంట్ల పాడుకో అక్కా, సిన్మా పాట పాడు," అన్నారు. చివరికి ఆ పాట అమ్మా, మైకు సెట్టు అతనూ విన్నారు. మైకు సెట్టు అతను కూడా వైరు సరిచేసుకుంటూ విన్నాడు.

రైలుబండి పెళ్ళికొడుకు

హనుమకొండలో ఒక పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళు ప్యాసింజర్‌లో రావాలి, బండి ఎక్కడో ఆగిపోయింది. పొద్దున్నుంచి పాడి పాడి మా దగ్గరున్న సినిమా పాటలన్నీ అయిపోయాయి. జనం కుర్చీలు జరుపుకుంటున్నారు. ఆడపెళ్ళివాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు. "ఏదన్న పాడు," అన్నాడు మాస్టరు.

"నా పాట పాడుత."

మాస్టరు చేత్తో ఏదో సైగ చేశాడు, సరే అన్నట్టు, నీ ఖర్మ అన్నట్టు. చాచా మైకు తీసుకున్నాడు. ఒకసారి జనం వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"ఇప్పుడు మీరు వినబోయే పాట," అన్నాడు, "తొందర్లో మీ టాకీసుకు రాబోతున్న రంగుల చిత్రం 'రైలుబండి పెళ్ళికొడుకు'లోనిది. మద్రాసు నుంచి పాట నిన్ననే దిగింది." అదే ముచ్చట ఉర్దూలో ఇంకా రంగులద్ది చెప్పాడు.

నేను నోరు తెరుచుకుని ఆయన వైపు చూస్తున్నాను. అకార్డియన్ మొదలైపోయింది. పాడక ఏం చేస్తాను? పాడాను. ఒక్కరూ లేవలేదు. పాట అయ్యాక మళ్ళీ పాడమన్నారు. మళ్ళీ పాడుతుంటే పెళ్ళికొడుకు నిజంగానే వచ్చాడు, జనం ఈలలు వేశారు, ఆ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు.

భోజనాల దగ్గర చాచాను పట్టుకున్నాను.

"ఏ సిన్మా చాచా? ఎక్కడి మద్రాసు?"

"నారాజ్ గాకు బేటీ. పోయినపారి నీ పేరు చెప్పిన, చాయ్‌కి లేచిండ్రు. ఇయ్యాల సిన్మా పేరు చెప్పిన, ఒక్కడు కదల్లే. నీకు పేరు గావాల్నా, వినేటోళ్ళు గావాల్నా?"

"రెండూ గావాలె."

చాచా నవ్వాడు. మాస్టరు అన్నంలో చెయ్యి పెట్టి, "పిల్లకు ఆశ జర ఎక్కువనే," అన్నాడు. రాసినవాళ్ళకు పేరూ, పాడినవాళ్ళకు వినేవాళ్ళూ కావాలనడం ఆశ ఎట్లా అవుతుందో నాకు ఈ వయసులో కూడా అర్థం కాలేదు.

అక్కడి నుంచి పాట నా చేతిలో లేదు. ఎక్కడికి వెళ్ళినా 'రైలుబండి పెళ్ళికొడుకు' పాట పాడమనే. చాచా ఒకసారి చెప్పిన అబద్ధాన్ని వదిలేస్తే బాగుండేది. వదల్లేదు. ఒక ఊళ్ళో హీరోను చేర్చాడు, ఇంకో ఊళ్ళో కథ చెప్పాడు. సినిమా ఎప్పుడొస్తుందని జనం ఎదురుచూశారు. ఒక ఏడాది గడిచాక ఎదురుచూడటం మానేశారు. ఎందుకంటే చూసేశారు.

నవ్వకండి, నిజంగానే చూశామని చెప్పేవాళ్ళు. ఒక పెద్దమనిషి ఖమ్మంలో చూశానన్నాడు. "హీరోయిన్‌ది పచ్చ చీర. ప్లాట్‌ఫారం మీద ఉరుకుతది. మస్తు తీసిండ్రు," అన్నాడు. ఒకావిడ ఆఖర్న ఏడుపు ఆపుకోలేకపోయిందట. మా వాడకట్టులో ఒక వదిన నన్ను మెచ్చుకుంది కూడా. "అసలు పాట కంటే నువ్వే మంచిగ పాడ్తవ్ సువర్ణా," అంది. ఆ మెచ్చుకోలుకు నేను ఆ రోజు అన్నం తినలేదు.

నేను నోరు మూసుకుని కూర్చున్నానని అనుకోకండి. ఒక కాలేజీలో పాట ముందు నేనే, ఇది నేను రాసినదని చెప్పాను. కార్యక్రమం అయ్యాక ఒక లెక్చరర్ పక్కకు పిలిచి, "మద్రాసులో ఎవరో కవి కష్టపడి రాసుకున్న పాటను నాదనడం సంస్కారం కాదమ్మా," అని మందలించాడు. నా పాటకు నన్నే దొంగను చేశారు. బాపు ఆ పాట సంగతి అడగడం మానేశాడు. అడిగి తిట్టినా బాగుండేదనిపించేది.

నిర్మాత కాగితం

ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాయి. అద్దె సైకిళ్ళ షాపులో కూడా టేప్ రికార్డరు మోగేది. హైదరాబాదులో ఒక చిన్న క్యాసెట్ కంపెనీ ఓనరు మా పాటలు వింటానన్నాడని మాస్టరు కబురు తెచ్చాడు. మాస్టరు, చాచా, అమ్మ, నేను వెళ్ళాం. నా మనసులో ఒకటే ఉంది. క్యాసెట్ అట్ట మీద రాసినవాళ్ళ పేరు అచ్చు వేస్తారు. అచ్చులో పడితే ఇక ఏ మైకూ దాన్ని మార్చలేదు. బాపు చేతిలో పెట్టొచ్చు.

ఓనరు మర్యాదస్తుడు. చాయ్ ఇప్పించి, పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచి, "ఇది మా మేనకోడలి పెండ్లిల విన్న. హిట్ పాట. కని నిర్మాత కాయిదం తేవాలె," అన్నాడు.

"ఏ నిర్మాత?"

"రైలుబండి పెళ్ళికొడుకు నిర్మాత. సిన్మా పాట గదమ్మా. ఆయన ఒప్పుకున్నట్టు రాసియ్యకుంటే రేపు నాకు లొల్లి."

సినిమా లేదని చెప్పాను. పాట నాదేనని చెప్పాను. డోర్నకల్ ప్లాట్‌ఫారం, పొగ, అమ్మ, అన్నీ చెప్పాను. అమ్మ కూడా సాక్ష్యం చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ పాటకు నేనెప్పుడూ స్టేజీ మీద పాడని మూడో చరణం ఒకటి ఉంది. రాసినవాళ్ళకు తప్ప ఎవరికి తెలుస్తుంది? పాడి వినిపించాను. ఓనరు మొహం చిన్నబోయింది.

"ఇది సిన్మాల లేదు గదా. నువ్వు కలిపినవా? మంచి పాటను పాడు చెయ్యకు తల్లీ."

నేను లేచి వరండాలోకి వచ్చేశాను. చాచా వెనకే వచ్చాడు. ఆయన మొహంలో ఏదో ఉపాయం కనిపించింది.

"బేటీ, నేనే ఆ నిర్మాతనని దస్కతు పెడ్త. నీ పేరు రాసినామెగ అచ్చు ఏపిస్త. ఫికర్ చెయ్యకు."

మాస్టరుకు అది బంగారంలాంటి ఉపాయంగా కనిపించింది. నాకు కాదు. ఆ సంతకం పడితే సినిమా ఉన్నట్టే లెక్క. ఇక చచ్చేదాకా నేను ఆ సినిమాకు కూలికి పాట రాసిన మనిషిని. అచ్చులో పడ్డ అబద్ధాన్ని ఎవరు తీస్తారు? "వద్దు చాచా. లోపటికి పోయి నిజం చెప్పు," అన్నాను.

వెళ్ళి చెప్పాడు, నిజంగానే. ఓనరు నవ్వాడు. "చాచా, మీరు మైకుల చెప్పంగ నా చెవులార విన్న. మీరు అబద్ధమాడుతరా?"

తిరుగు ప్రయాణంలో బస్సు జనగామ దాటాక చాచా వైపు తిరిగాను. "గీడ గదిల చెప్పుడు కాదు. మైకుల చెప్పినవు, మైకులనే తియ్యాలె."

చాచా కిటికీలోంచి బయటికి చూశాడు. "గది ఒక్కటి అడగకు బేటీ. నా దగ్గర ఏమున్నది? ఇల్లు లేదు, జాగ లేదు. నేను చెప్పింది నిజమని నమ్ముతరు, గంతే. అబద్ధం చెప్పిన అని నేనే మైకుల చెప్తే రేపు దుకాణపోళ్ళు నన్ను ఎందుకు పిలుస్తరు?"

ఆయన బాధ నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందని ఎవరు చెప్పారు మీకు?

కొన్ని నెలలకు క్యాసెట్ వచ్చింది. పాడింది హైదరాబాదు అమ్మాయి ఎవరో. అట్ట మీద 'రైలుబండి పెళ్ళికొడుకు' అని పెద్దక్షరాలు. రాసినవాళ్ళ పేరు దగ్గర ఏమీ లేదు. కాగితం లేకుండా ఎట్లా వేశారని మాస్టరు ఓనరును అడిగితే, నిర్మాత ఎంత వెతికినా దొరకలేదట, పాపం దివాలా తీసి ఉంటాడు కాబట్టి ఇక లొల్లి చేసేవాళ్ళెవరూ లేరట. ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, బాగానే పాడింది. కాని ఉర్దూ ముక్క మొత్తం తీసేశారు. నవ్వే పిల్ల మిగిలింది, ఏడ్చే పిల్ల పోయింది. ఆ క్యాసెట్ నేను ఇంటికి తేలేదు. వాడకట్టులో మోగుతూ ఉంటే బాపు ఎట్లాగూ విన్నాడు.

నెక్కొండ పెళ్ళి

ఆ ఎండాకాలమే నెక్కొండలో ఒక రైతు ఇంట పెళ్ళి. ముహూర్తం పొద్దున అయిపోయింది, భోజనాలయ్యాక మా ప్రోగ్రాం. మేము బండి దిగేసరికే ఇంటి మీద కట్టిన లౌడ్‌స్పీకర్‌లో ఆ క్యాసెట్ మోగుతోంది. ఒకసారి అయిపోయాక తిప్పి మళ్ళీ వేస్తున్నారు.

స్టేజీ ఎక్కగానే వచ్చిన మొదటి కోరిక ఆ పాటే. "నేను పాడ," అన్నాను మాస్టరుతో.

"గిది పెండ్లి ఇల్లు. నీ పంతం గీడనా?"

ఇంతలో పెళ్ళికూతురు తండ్రి స్వయంగా వచ్చాడు. మంచి మనిషి, తలపాగా, చేతులు జోడించాడు. "అక్కా, మా బిడ్డకు గా పాటంటే పానం. జర పాడు. క్యాసెట్ల ఉన్నట్టే పాడు, నడుమ ఉర్దూ గిర్దూ లేకుంట."

అంతే. మైకు స్టాండుకు తగిలించి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. జనం గుసగుసలాడారు. మాస్టరు అకార్డియన్ మీద తల ఆనించుకున్నాడు. అమ్మ నా వైపు చూడలేదు, చాచా వైపు చూసింది. ఆమె అన్నేళ్ళలో ఆయనను ఒక్క మాట అనలేదు.

చాచా పాన్ ఉమ్మేసి మైకు దగ్గరికి వచ్చాడు.

"ఈ పాట రైలుబండి పెళ్ళికొడుకు సిన్మాలది అని ఇన్నేండ్ల సంది చెప్పిన," అన్నాడు. "గసొంటి సిన్మా లేదు. ఎన్నడు లేకుండె. నేనే పుట్టిచ్చిన. ఈ పాట మన కాశిబుగ్గ సువర్ణ రాసింది."

జనం గొల్లున నవ్వారు. చాచా పరాచికాలాడుతున్నాడనుకున్నారు. "నేను చూసిన గదా చాచా గా సిన్మా," అని వెనక నుంచి ఒకాయన. ఇంకా నవ్వులు.

చాచా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన తల బోడిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఈసారి ఉర్దూలో చెప్పాడు, రంగులేమీ లేకుండా.

"మైనే ఝూట్ బోలా. కోయీ ఫిల్మ్ నహీఁ హై. గానా ఇస్ బచ్చీ కా హై. లిఖా భీ ఇసీనే, గాయా భీ ఇసీనే."

అబద్ధమాడానని, పాట ఈ పిల్లదని, రాసిందీ పాడిందీ ఈమేనని. ఉర్దూ బడిలో చదువుకున్న ముసలివాళ్ళు ముందు వరసలో ఉన్నారు, ముందు వాళ్ళ నవ్వు ఆగింది. తర్వాత వెనకవాళ్ళది. సినిమా చూశానని వెనక నుంచి అన్నాయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు.

ఆ మాటకు చాచా మూల్యం కట్టాడు. ఆయన భయపడ్డట్టే ఆ తర్వాత చీరల దుకాణాలవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు, రిక్షా మైకు ఇంకొకరికి పోయింది. ఆ రోజు నాకు అదంతా తట్టలేదు. క్యాసెట్ వచ్చాక, అంతా అయిపోయాక చెబుతావా అని అరవాలనిపించింది. అరవలేదు. వెళ్ళి మైకు తీసుకున్నాను.

ఎవరి గొంతూ అరువు తెచ్చుకోకుండా పాడాను. మొదటి లైను ఏడుపుతో తప్పిపోయింది. మాస్టరు తిరిగి మొదటికి వచ్చి వాయించాడు. తెలుగు పాడాను, ఉర్దూ పాడాను, ఓనరుకు నచ్చని మూడో చరణం కూడా పాడాను.

పాట అయ్యాక పెళ్ళికూతురు తండ్రి మళ్ళీ వచ్చాడు.

"అక్కా, గిది నీ పాటనేనా?"

"నాదే అన్నా."

"మరి ముందుగాల్నే చెప్పొద్దా?"

ఇంతకాలం గొంతు చించుకున్నదానిని ఆయన అంత నెమ్మదిగా అడుగుతుంటే చాచా వైపు చూశాను. చాచా కుర్చీలో కూలబడి నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. అమ్మ లేచి ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. పెళ్ళికూతురు ఇంకోసారి పాడమంటోందని లోపలి నుంచి ఎవరో వచ్చి చెప్పారు. మాస్టరు అలవాటుగా చాచా వైపు చూశాడు. చాచా లేవలేదు, చేత్తో నన్ను చూపించాడు.

నేనే మైకు ముందుకు వెళ్ళి, ఇది నేను రాసిన పాట, నా పేరు సువర్ణ అని చెప్పాను. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి.